ఎముకలు లేచి నిలబడాలంటే

హైదరాబాద్‌లోని బిర్లా సైన్స్ మ్యూజియానికి వెళ్లిన పిల్లలు కోటాసారస్ అస్థిపంజరం ముందు నోరు తెరిచి నిలబడిపోతారు. సుమారు 9 మీటర్ల పొడవున్న ఈ రాక్షసబల్లి మన ప్రాణహిత–గోదావరి లోయదే. 1970ల చివర్లో యామన్‌పల్లి దగ్గర దొరికిన 840 ఎముక ముక్కలే దీనికి ఆధారం. జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన పి. యాదగిరి 1988లో దీనికి శాస్త్రీయ నామం పెట్టారు. ముక్కలు జంతువుగా నిలబడటం వెనుక ఎంతో ఓర్పు, నేర్పు ఉన్నాయి.

పని మొదలయ్యేది తవ్వకం దగ్గరే. ఏ ఎముక ఎక్కడ, ఎటు తిరిగి పడి ఉందో గళ్ల పటం మీద గుర్తించి, దానికి నంబరు వేస్తారు. తర్వాత ఎముక మీద తడి కాగితం పరిచి, ప్లాస్టర్‌లో ముంచిన గోనె పీలికలు చుడతారు. కట్టు గట్టిపడ్డాక అడుగు మట్టి తొలిచి, మెల్లగా తిప్పి, రెండో వైపూ కట్టేస్తారు. లేకపోతే కోట్ల ఏళ్లు నిలిచిన ఎముక లారీ కుదుపులకే పొడైపోతుంది.

ప్రయోగశాలలో కట్టు విప్పి, సన్నని ఉలులతో, సూదులతో రాయిని కొంచెం కొంచెంగా ఒలుస్తారు. పగుళ్లలోకి పల్చని జిగురు ఇంకిస్తారు. ఒక్క ఎముకకే వారాలు పట్టవచ్చు.

అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. యామన్‌పల్లి ఎముకలు ఒక్క జంతువువి కావు, కనీసం 12 జంతువులవి. ఇలాంటి లెక్క తేల్చే పద్ధతి తేలికైనదే. ఒక జంతువుకు ఎడమ తొడ ఎముక ఒక్కటే ఉంటుంది కనుక, అలాంటివి ఎన్ని దొరికితే కనీసం అన్ని జంతువులున్నట్టు. దొరికిన ఎముకల్లో పరిమాణం కుదిరినవి ఏరి ఒక దేహంగా కూర్చాలి. కుడి ఎముక లేకపోతే ఎడమదాన్ని చూసి, అద్దంలో బింబంలా తిరగేసి నమూనా చేస్తారు. కోటాసారస్ పుర్రెలో రెండు పళ్లు తప్ప ఏమీ దొరకలేదు. అలాంటప్పుడు తల ఊహకు దగ్గరి జాతుల పుర్రెలే దిక్కు.

చివరగా ఇనుప చట్రం. బరువు ఎముకల మీద పడకుండా చట్రమే మోయాలి. అందుకే ఎముక వంపుకు తగినట్టు కమ్మీని వంచి, మళ్లీ పరిశోధనకు ఊడదీసేలా బిగించడం మంచి పద్ధతి. భంగిమ కూడా శాస్త్రం చెప్పినట్టే ఉండాలి. ఒకప్పుడు డైనోసార్ల తోకను నేల మీద ఈడ్చినట్టు నిలబెట్టేవారు. శిలల్లో మిగిలిన అడుగుజాడల పక్కన తోక ఈడ్చిన గీతలు దాదాపుగా లేవని గ్రహించాక తోకను పైకెత్తారు.

కోటాసారస్ దొరికిన ప్రాణహిత–గోదావరి లోయలోనే బయటపడిన మరో డైనోసార్ బారాపాసారస్ కోల్‌కతాలోని భారత గణాంక సంస్థలో నిలబడి ఉంది. అది కూడా పలు జంతువుల ఎముకలతో కూర్చినదే.

ఏది అసలు ఎముక, ఏది అచ్చు పోసినది, ఏది ఊహ అన్నది ప్రతి మ్యూజియమూ అస్థిపంజరం పక్కనే తెలుగులో స్పష్టంగా రాసి పెట్టాలి. దాంతో ప్రదర్శన విలువ తగ్గదు, పెరుగుతుంది. ఈసారి పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు జంతువుతో పాటు దాన్ని మోస్తున్న ఇనుప కమ్మీలనూ చూపించండి. శాస్త్రం ఎలా పనిచేస్తుందో వాళ్లకు అక్కడే అర్థమవుతుంది.