ఆచార్యుడు, ఒజ్జ, పంతులు: నీతిబోధకవాచకాల అర్థపరిణామం

కోనసీమలోని మురమళ్ళలో భద్రకాళీ సమేత వీరేశ్వరస్వామికి నిత్యకల్యాణం జరుగుతుంది. దైవకార్యాల్లో క్రతువును నడిపించే పెద్దకు శాస్త్రపరిభాషలో ‘ఆచార్యుడు’ అని పేరు. ముందుగా ఆచార్యవరణం చేసి ఆ స్థానాన్ని అప్పగిస్తారు. క్రతువుతోపాటే అదీ ముగుస్తుంది. అటువంటి వ్యక్తి వీధిలోకి వస్తే ఊరివారికి ‘పంతులుగారు’. ఈ రెంటిలో నీతిబోధకుణ్ణి చెప్పే మాట ఏది? ఈ ప్రశ్నకు పరిశోధన వ్యాసాలు సాధారణంగా వ్యుత్పత్తినే ఆశ్రయించి ‘ఆచార్య’ వైపు మొగ్గుతాయి. తెలుగు వాడుక అంత సులువుగా అటు మొగ్గదు.

యాస్కుడు నిరుక్తంలో ఆచార్యశబ్దానికి మూడు నిర్వచనాలు ఇచ్చాడు: ఆచారాన్ని గ్రహింపజేసేవాడు, అర్థాలను సేకరించేవాడు, బుద్ధిని సమకూర్చేవాడు. వీటిలో మొదటిదాన్నే తీసుకొని ‘తాను ఆచరించి చూపేవాడు’ అని వివరించడం పరిపాటి అయింది. స్వీయాచరణ నియమం యాస్కుని మాటలో లేదు. అది పురాణశ్లోకం చేర్చినది. ఈ రెంటినీ కలిపివేస్తే పదచరిత్రలోని ఒక ముఖ్యమైన మెట్టు కనుమరుగవుతుంది.

మనుస్మృతి ద్వితీయాధ్యాయం ఆచార్యుణ్ణి, ఉపాధ్యాయుణ్ణి స్పష్టంగా వేరుచేసింది. ఉపనయనం చేసి కల్పరహస్యాలతో వేదం చెప్పేవాడు ఆచార్యుడు. వేదంలో ఒక భాగాన్నో, వేదాంగాలనో జీవిక కోసం చెప్పేవాడు ఉపాధ్యాయుడు. గౌరవంలో పదిమంది ఉపాధ్యాయుల పెట్టు ఒక ఆచార్యుడు.

తెలుగు ఈ తూకాన్ని తలకిందులు చేసింది. ‘ఉపాధ్యాయ’ ప్రాకృతం మీదుగా ‘ఒజ్జ’ అయింది. ‘పంక్తి’ నుంచి ‘బంతి’ వచ్చింది. ఒజ్జ రాసి ఇచ్చిన వరుస ఒజ్జబంతి. దాన్ని చూసి శిష్యుడు దిద్దుకోవాలి. కాలక్రమాన ఆ మాట మేలుబంతికి, ఆదర్శానికి పర్యాయమైంది. ఇక్కడ నీతి ఉపదేశం నుంచి పుట్టలేదు, దిద్దదగిన గీత నుంచి పుట్టింది. జీతానికి చదువు చెప్పేవాడని స్మృతి తక్కువ చేసిన మనిషి పేరే తెలుగులో ఆదర్శానికి కొలత అయింది. ‘ఆచార్య’ మాత్రం వైష్ణవుల పేర్ల చివర ఆచార్యులుగా, విశ్వబ్రాహ్మణుల పేర్ల చివర ఆచారిగా, విశ్వవిద్యాలయంలో ఉద్యోగహోదాగా స్థిరపడింది. ఈ మూడింటిలో ఏదీ నడవడిని అడగదు.

‘పంతులు’ పరిస్థితి మరింత చిక్కు. పురోహితుడూ పంతులే, బడిలో చదువు చెప్పేవాడూ పంతులే. గోదావరి సీమలో ఈ మాట బరువును పరీక్షించడానికి కందుకూరి వీరేశలింగం (1848–1919) ఉదాహరణ చాలు. కోరంగి, ధవళేశ్వరం బడుల్లో పనిచేసిన ఆయన 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించాడు. లోకం ఆయనను ‘పంతులు’ అనే పిలిచింది. అది నియోగి శాఖలో గౌరవవాచకం కూడా కనుక, బోధకత్వం వల్లనే వచ్చిందనడం పొరపాటు. కానీ ఆ పేరు ఆయన పట్ల నిలిచిన తీరులో కులగౌరవం ఒక్కటే లేదు. ఆయన ఎదిరించిన పౌరోహిత్యానికీ అదే పేరు. ఆ వివాహాల్లో పాల్గొన్నవారిని వెలివేస్తూ శ్రీముఖం పంపినది శంకరాచార్య పీఠం. వెలి ‘ఆచార్య’ నామం నుంచి వచ్చింది. వెలికి గురైనవారి పక్షాన నిలబడి ధర్మం చెప్పినవాడు ‘పంతులు’.