కుర్చీ మనకి, సంతకం కమిషనర్‌కి

నగరపాలన గురించి ఎప్పుడు చర్చ వచ్చినా చదువుకున్న పెద్దమనుషులు ఒకే పాట పాడతారు. ఎన్నికైనోళ్లకి చదువు లేదు, తినడం తప్ప తెలీదు, కాబట్టి ఊరిని ఒక నిపుణుడి చేతిలో పెట్టాలంటారు. రుజువు కావాలంటే హైటెక్ సిటీని చూపిస్తారు. కార్పొరేటర్లు అడ్డం లేకపోబట్టే అంత తొందరగా లేచిందట. ఈ వాదనని మన వైపు నుంచి పరిశీలించాల్సిన అవసరముంది. ఎందుకంటే దళితుల్లోనూ దీన్ని నమ్మేవాళ్లున్నారు.

వాళ్లు ఊరికే నమ్మడం లేదు. సర్పంచ్ గిరీ తరతరాలుగా దొర ఇంట్లోనో, రెడ్డి ఇంట్లోనో ఉన్న ఊళ్లో వాడకి బోరు కావాలన్నా, ఇళ్ల పట్టా కావాలన్నా కలెక్టరాఫీసు మెట్లెక్కడమే దిక్కయింది. ఊరంటే సంకుచితత్వపు గుంట అని అంబేద్కర్ 1948 నవంబర్ 4న రాజ్యాంగసభలో తేల్చి చెప్పింది ఈ అనుభవంతోనే. ఊరి పెద్దకంటే బయటినుంచి వచ్చిన ఆఫీసరు నయం అనిపించిన రోజులు నిజంగానే ఉన్నాయి. ఆ సంగతి దాచి మాట్లాడితే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు.

కానీ 1993 తర్వాత పరిస్థితి మారింది. 73, 74వ సవరణలు స్థానిక సంస్థల్లో దళితులకీ ఆదివాసీలకీ జనాభా నిష్పత్తిలో సీట్లిచ్చాయి. అందులో మూడోవంతు ఆ కులాల, తెగల ఆడవాళ్లవి. మొదటిసారి ఆ కుర్చీ మనదాకా వచ్చింది. సరిగ్గా అప్పట్నుంచే ఆ కుర్చీలోని అధికారం ఇంకో గదిలోకి మారడం మొదలైంది. నా అభ్యంతరమల్లా ఇక్కడే.

హైదరాబాద్ సంగతే చూద్దాం. 1986లో ఎన్నికైన కౌన్సిల్ గడువు 1991లో ముగిసింది. మళ్లీ ఎన్నికలు జరిగింది 2002లో. మధ్యలో పదకొండేళ్లు స్పెషలాఫీసరు రాజ్యమే. కౌన్సిల్ చెయ్యాల్సిన తీర్మానమూ ఆయనదే, అమలూ ఆయనదే. అంటే రాజ్యాంగం 1993లో ఇచ్చిన రిజర్వుడు సీటు రాజధానిలోని దళితుడికి తొమ్మిదేళ్లు ఆలస్యంగా అందింది. ఆ ఖాళీలోనే రోడ్లూడ్చే పనిని కాంట్రాక్టర్లకి అప్పజెప్పడం ఊపందుకుంది. ఊడ్చేది ఎక్కువగా మాల మాదిగ ఆడవాళ్లు. వాళ్ల పర్మినెంటు కొలువు పోతుంటే అడగడానికి సభలో ఒక్క మెంబరు లేడు, అసలు సభే లేదు. 1998 నవంబర్‌లో వాజ్‌పాయి సైబర్ టవర్స్ ప్రారంభించింది కూడా ఈ కాలంలోనే. మాదాపూర్ అప్పటికింకా నగరం బయటే అనుకోండి. అక్కడికి వేరే పద్ధతి తయారైంది.

2001లో 52 చదరపు కిలోమీటర్లకి సైబరాబాద్ డెవలప్‌మెంట్ అథారిటీ పుట్టింది. 1975 నాటి పట్టణాభివృద్ధి చట్టం కింద పుట్టిన సంస్థ ఇది. భూమిని దేనికి వాడాలో, లేఅవుటుకి పర్మిషన్ ఇవ్వాలో వద్దో తేల్చేది ఇలాంటి సంస్థే. దీనికి ఓటర్లుండరు. రాజ్యాంగం మునిసిపాలిటీకి పెట్టిన రిజర్వేషన్ దీనికి వర్తించదు. 2008లో ఇది హెచ్ఎండీఏలో కలిసింది. కోకాపేటలో 2023 ఆగస్టులో ఎకరం వంద కోట్లు దాటేలా వేలం వేసింది ఆ హెచ్ఎండీఏనే. వార్డు మెంబరుకి మిగిలింది వీధి దీపం, మురిక్కాలవ.

పన్నుల దగ్గరికొస్తే ఇంకో తమాషా. పారిశ్రామిక ప్రాంతాల్లో స్థానిక సంస్థ చెయ్యాల్సిన పనుల్ని, ఆస్తిపన్ను వసూలుతో సహా, ఏపీఐఐసీకి బదిలీ చేశారు. 2014 తర్వాత తెలంగాణలో దాని వారసత్వ సంస్థకి దక్కాయి. వసూలైన పన్నులో 35 శాతం స్థానిక సంస్థకి, మిగతాది అక్కడే. అద్దాల మేడలవాళ్ల పన్నుకి ప్రత్యేక ద్వారం, వాటిలో బాత్రూములు కడిగేవాళ్లుండే బస్తీకి మామూలు వార్డు! ఊరూ వాడా వేరుచెయ్యడం మనకి కొత్తేం కాదుగదా.

నిపుణుడి వాదన చేసేవాళ్లు అమెరికాని ఉదాహరణగా తెస్తారు. వర్జీనియాలోని స్టాంటన్ 1908లో సిటీ మేనేజర్ని పెట్టుకుంది నిజమే. అక్కడ ఆ మేనేజర్ని పెట్టేదీ తీసేసేదీ ఎన్నికైన కౌన్సిలే. మన కమిషనర్‌ని నియమించేది, బదిలీ చేసేది రాష్ట్ర ప్రభుత్వం. 1955 చట్టం కార్యనిర్వాహక అధికారం ఆయనకే ఇచ్చింది, మేయర్‌కి కాదు. ఇంకో సంగతి కూడా వాళ్లు చెప్పరు. ఆ సంస్కరణతోపాటే అక్కడ చాలాచోట్ల వార్డుల్ని ఎత్తేసి ఊరంతా ఒకే నియోజకవర్గం చేశారు. దాంతో నల్లవాళ్లూ కార్మికులూ గెలిచే సీట్లు పోయాయి. నైపుణ్యం పేరుతో ఎవర్ని బయటికి తోశారో అక్కడా అదే కథ.

మన కార్పొరేటర్లు పత్తిత్తులని నేననడం లేదు. చాలామందికి రియలెస్టేటే వృత్తి. రిజర్వుడు సీట్లో గెలిచినామె పక్కన కూర్చుని ఆధిపత్య కులపు 'పెద్దన్న' సంతకాలు పెట్టించడం మనం చూస్తూనే ఉన్నాం. అయితే అయిదేళ్లకోసారి వాళ్లు బస్తీకి రావాలి, ముఖం చూపించాలి. ఆఫీసరుకి ఆ బాధ లేదు. తెలంగాణ పంచాయతీలు 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబర్ దాకా స్పెషలాఫీసర్ల కింద నడిచాయి. ఆ కాలమంతా రిజర్వుడు సర్పంచ్ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

లెక్కలు రాయడానికి, ఇంజనీరింగు చూడటానికి నియమితుడైన అధికారి ఉండాలి, ఉండనీండి. ఆయన్ని పిలిచి సంజాయిషీ అడిగే హక్కు, బడ్జెట్ ఆపే హక్కు సభకుండాలి. గడువు తీరిన కౌన్సిల్ స్థానంలో స్పెషలాఫీసర్ని కూర్చోబెట్టే దారి మూసెయ్యాలి. భూమిని అమ్మే అథారిటీల్లో కూడా వార్డులకి ప్రాతినిధ్యం, ఆ ప్రాతినిధ్యంలో మన వాటా రావాలి. దళిత సంఘాలు ఇన్నేళ్లూ సీట్ల లెక్కమీదే కొట్లాడాయి, అథారిటీల జోలికి పోలేదు. అందులో ఈ రచయిత తప్పూ ఉంది.