ఒక మత్స్యగ్రహణకథయందలి ధ్వని

ఎర్నెస్టు హెమింగ్వే 1925లోఁ బ్రకటించిన ‘బిగ్ టూ హార్టెడ్ రివర్’ అను కథయందు వృత్తాంతము మిక్కిలి స్వల్పము. నిక్కను యువకుఁడు మిషిగను రాష్ట్రమున సెనీకడ రైలు దిగి, మూఁపున బరువుమూటతో నడచి, యేటియొడ్డున గుడారము వేసికొని, మఱునాఁడు ట్రౌటుచేఁపలఁ బట్టును. ఇంతియే. (సెనీకడఁ బాఱునది నిజమునకు ఫాక్సునది, పేరు సొగసుకై మార్చుట దోషము గాదు.)

దీనిని కథ యనరాదని యాక్షేపించువారు కథలోని నేలను జూడరైరి. ఊరు కాలిపోయినది, మిడుతలు సైతము మసినేలపై బ్రదికి నల్లనైనవి. నిక్కు గుడారపుమేకు దిగఁగొట్టుట, కాఫీ కాఁచుట, మిడుతను గాలమునకుఁ గ్రుచ్చుట క్రమము తప్పక చేయును. చిన్నచేఁపను విడుచుటకు ముందు చేయి తడుపుకొనును. పొడిచేయి సోఁకిన దానికి బూజుతెగులు పట్టునఁట. ఈ జాగరూకత వినోదార్థియైనవానిది కాదు, మనస్సు పట్టు తప్పునేమో యని వెఱచినవానిది.

యుద్ధ మను మాట కథలో నెచ్చటను లేదు. యుద్ధమునుండి మరలినవాని కథయే యిది యని కర్తృమరణానంతరము 1964లో వెలువడిన స్మృతిగ్రంథమునఁ గలదు. అయినను గ్రంథకర్త వాక్కు ధ్వనికిఁ బ్రమాణము గానేరదు. ‘ఇన్ అవర్ టైమ్’ సంపుటమున నిక్కు వెన్నెముకకు దెబ్బ తగిలిన ఘట్టము ముందే యున్నది; ఆ ప్రకరణబలముననే యుద్ధము వ్యంగ్యమగుచున్నది. కథను విడిగాఁ జదివిన భయమే తోఁచును, హేతువు తోఁపదు.

తొలిప్రతియందు నిక్కు సాహిత్యమును గూర్చి చేసిన దీర్ఘచింతన యుండెను. కర్త దానిని గొట్టివేసెను. 1972లో నది యచ్చుపడఁగా నాతని నిర్ణయ మెంత యుచితమో తెలిసినది: అందు సర్వమును వాచ్యమే. ఇప్పటి కథలో నిక్కు చీఁకటిగ్రమ్మిన చిత్తడినేలలోనికి దిగక, యది మఱియొకనాఁటికని వెనుకకు మరలును.