ప్రజాస్వామ్యం, పరిపాలన: పీఠిక

రాజ్యాధికారం ఎవరికి చెందాలన్న ప్రశ్నకు ఆధునిక రాజనీతిశాస్త్రం విస్తారమైన సమాధానాలు సంతరించుకున్నది. చేజిక్కిన అధికారాన్ని ఏ రీతిన నిర్వహించాలి, ఎవరికి లెక్క అప్పజెప్పాలి అన్న ప్రశ్న మాత్రం చిరకాలం ఆ శాస్త్రసౌధపు వసారాలోనే నిలబడిపోయింది. దానిని సగౌరవంగా లోపలికి పిలిచి, మొదటి ప్రశ్న సరసన పీట వేసి కూర్చోబెట్టిన ఈ గ్రంథకర్త్రి కృషి, తెలుగులో రాజనీతి అధ్యయనం చేసేవారందరి ఆదరానికీ పాత్రమైనది.

ఆమె ఎంచుకున్న పరంపర గొప్పది. ప్రాతినిధ్య ప్రభుత్వంపై 1861లో వెలువరించిన గ్రంథంలో జాన్ స్టువర్ట్ మిల్, ప్రజాప్రతినిధుల సభకు స్వయంగా పాలించే పని తగదనీ, పాలించేవారిని కనిపెట్టి ఉండి అదుపు చేయడమే దాని ధర్మమనీ ప్రతిపాదించాడు. ఆ నిరంతర జాగరూకత, 1942 నాటికి షుంపీటర్ చేతిలో, నాయకులు ఓట్ల కోసం పోటీపడే ఎన్నికల ఘట్టానికి కుంచించుకుపోయింది. 1989లో ఉపసహారా ఆఫ్రికాపై ప్రపంచ బ్యాంకు ప్రకటించిన నివేదిక ఆ ప్రాంతపు దుస్థితి వెనుక పరిపాలనా సంక్షోభాన్ని గుర్తించిన తరువాత, సుపరిపాలన అన్న భావన రుణాలకూ సహాయానికీ షరతుగా దేశదేశాలకు ప్రయాణించింది. సమర్థంగా పాలించినంత మాత్రాన ప్రజల సమ్మతిని పక్కన పెట్టవచ్చునన్న వాదానికి ఆ ప్రయాణంలో బలం చేకూరడం నన్ను చిరకాలంగా కలవరపరుస్తున్న విషయం. గ్రంథకర్త్రి ఆ వాదాన్ని దూషించక, దాని మూలాలను ఓపికగా విప్పి చూపి నిరాకరించిన తీరు ప్రశంసనీయం.

అయితే ఈ గ్రంథానికి ప్రాణప్రదమైనది అంబేడ్కర్‌పై రాసిన అధ్యాయం. 1948 నవంబర్ 4న రాజ్యాంగ ముసాయిదాను సభ ముందుంచుతూ ఆయన, రాజ్యాంగ స్వరూపం చెక్కుచెదరకుండానే, కేవలం పరిపాలనా రూపాన్ని మార్చి దాని ఆత్మకు విరుద్ధంగా నడిపించడం సాధ్యమేనని హెచ్చరించారు. పరిపాలనా వివరాలు రాజ్యాంగంలోనే చోటుచేసుకోవడానికి ఆయన చెప్పిన కారణం అదే. మన రాజ్యాంగపు దైర్ఘ్యాన్ని లోపంగా ఎంచేవారు ఈ అధ్యాయాన్ని రెండుసార్లు చదవాలని నా కోరిక.

సిద్ధాంతం నుంచి క్షేత్రానికి దిగేటప్పుడు ఆమె అనంతపురం జిల్లా బండ్లపల్లిని స్మరించడం సముచితం. గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న ఆరంభమైనది అక్కడే. ఆ పథకానికి ఆధారమైన చట్టపు 17వ సెక్షన్ గ్రామసభకు సామాజిక తనిఖీ అధికారాన్ని కట్టబెట్టింది. మస్టరు రోలులోని పేర్లు బహిరంగంగా చదువుతుండగా, తాను చేయని పనికి తన పేరిట కూలి పడిందని ఒక కూలీ లేచి చెప్పడం, ఆ మాటకు ఫీల్డ్ అసిస్టెంటు మండల ప్రజావేదికలో అందరి ఎదుటా జవాబు చెప్పవలసి రావడం, మిల్ శాసనసభకు విధించిన కర్తవ్యం కూలీల చేతికి అందిన అపూర్వ సన్నివేశమని ఆమె చేసిన నిర్ణయంతో నేను సంపూర్ణంగా ఏకీభవిస్తున్నాను. ఎండల్లో ఊరూరా తిరిగి, గ్రామసభల్లో నేల మీద కూర్చుని ఆమె సేకరించిన ఈ సామగ్రి గ్రంథాలయాల్లో లభించేది కాదు.

న్యాయస్థానాల పాత్రను గురించిన చర్చ ఇంకొంత విస్తరించి ఉంటే శోభించేది. నగరపాలనను ఆమె దాదాపు స్పృశించలేదు. 74వ రాజ్యాంగ సవరణ 1993లో అమలులోకి వచ్చినా, వార్డు స్థాయిలో పౌరుడు లెక్క అడిగే వేదిక మన పట్టణాల్లో నేటికీ బలహీనంగానే ఉన్నది. ఇంతటి శ్రద్ధతోనే పురపాలక సంఘాలపై రెండవ సంపుటాన్ని కూడా ఆమె రచించాలని కోరుతూ, ఈ గ్రంథాన్ని సహృదయ పాఠకుల చేతుల్లో ఉంచుతున్నాను.