ఆడపేరున్న మంచు ఇళ్ళు

అంటార్కిటికాలో మన దేశం కట్టుకున్న మూడు పరిశోధనా కేంద్రాలకీ ఆడపేర్లే. దక్షిణ గంగోత్రి, మైత్రి, భారతి. ఇంటి గోడ మీద అమ్మ పేరో కూతురి పేరో చెక్కించి, దస్తావేజులు మాత్రం నాన్న పేరున ఉంచుకోవడం మనకు అలవాటే కాబట్టి, ఈ పేర్ల దగ్గర ఎవరూ ఆగి ఆలోచించరు. అలాంటి ఇళ్ళ గురించిన రాతల్లో ఆడవాళ్ళు ఎక్కడ కనబడతారు, ఎక్కడ కనబడకుండా పోతారు అన్నదే నేనిక్కడ చూడదలచుకున్నది.

1982 జనవరి 9న ఎస్.జెడ్. ఖాసిం నాయకత్వంలో మొదటి భారత బృందం ఆ ఖండం మీద దిగింది. అందరూ మగవాళ్ళే. అదే ఏడాది అమెరికన్ రచయిత్రి ఉర్సులా లెగ్విన్ 'సుర్' అనే కథ ప్రచురించింది. సుర్ అంటే స్పానిష్‌లో దక్షిణం. 1909లో దక్షిణ అమెరికాకి చెందిన తొమ్మిది మంది స్త్రీలు ఓడెక్కి వెళ్ళి, ఆముండ్సెన్ కంటే ముందే దక్షిణ ధ్రువం చేరడం ఇందులో కథ. వాళ్ళు అక్కడ జెండా పాతరు. గుర్తు కూడా వదలరు. తామే మొదటివాళ్ళమని తెలిస్తే తర్వాత వచ్చే మగవాడు చిన్నబుచ్చుకుంటాడని ఊరుకుంటారు. యాత్రా నివేదిక పెట్టె అడుగున ఉండిపోతుంది.

ఈ కథలో నాకు నచ్చినది ధ్రువం చేరడం కాదు. అంతకుముందు అన్వేషకులు వదిలి వెళ్ళిన గుడిసె ఎంత రోతగా ఉందో ఆ స్త్రీలు చూస్తారు. తమ కోసం మంచులో గదులు తొలుచుకుని, శుభ్రంగా, వెచ్చగా ఉంచుకుంటారు. ఒకామె అక్కడే ప్రసవిస్తుంది కూడా. ధ్రువ సాహిత్యమంతా నడక గురించి, జెండా గురించి మాట్లాడుతుంటే, లెగ్విన్ దాన్ని ఇంటి వైపు తిప్పింది.

నిజానికి శాశ్వత కేంద్రమంటే ఇల్లే కదా! మొదటి అడుగు ఒక్కరోజు పని. ఆ తర్వాత ఏడాది పొడవునా జనరేటర్ ఆగకుండా చూడాలి, మంచు కరిగించి నీళ్ళు పట్టాలి, వండాలి, కడగాలి. 1991 మాడ్రిడ్ ఒప్పందం ప్రకారం చెత్తని మూటగట్టి వెనక్కి కూడా పంపాలి. ఇంత చేసినా మంచు ఊరుకోదు. 1983-84లో కట్టిన దక్షిణ గంగోత్రి కొన్నేళ్ళకే మంచులో కూరుకుపోయింది. 1990లో దాన్ని వదిలేయాల్సి వచ్చింది. రోజూ ఊడ్చినా రోజూ దుమ్ము పడే ఇంటి సంగతి తెలిసిన వాళ్ళకి ఇందులో ఆశ్చర్యమేమీ లేదు.

కౌకూర్‌లో మా ఇంట్లో నలుగురైదుగురు స్నేహితులం కలిసి ఈ కథ చదువుకున్నాం. బొల్లారం కంటోన్మెంట్ పక్కనే కాబట్టి మా చుట్టూ సైనిక కుటుంబాలు ఎక్కువ. చదవడం అయ్యాక ఒకామె అడిగింది: "అక్కా, గా స్టేషన్ల వంటెవరు చేస్తరు?" అక్కడ వంటవాడు ఉంటాడు, మిగతావాళ్ళు వంతులవారీగా వంటింట్లో సాయం చేస్తారు, శాస్త్రవేత్తలైనా సరే అని చెప్పాను. ఆమె నవ్వి, "అంటే ఆడోళ్ళు లేకుంటే అన్నీ వస్తయన్నమాట" అంది. కాసేపాగి, "మా ఆయన మంచుకొండల్లున్నన్ని రోజులు పిల్లలు, అత్తమ్మ, ఫీజులు అన్నీ నేనే చూసిన. దాన్నేమంటరు?" అంది.

ఆమె ప్రశ్న కథకీ వర్తిస్తుంది, మన వార్తాపత్రికలకీ వర్తిస్తుంది. దక్షిణ గంగోత్రిని కట్టిన మూడో బృందానికి నాయకుడు హర్ష్ గుప్తా. తర్వాత ఆయన హైదరాబాద్‌లోని ఎన్.జి.ఆర్.ఐ.కి డైరెక్టర్ అయ్యారు. ఆ బృందంలోనే భూగర్భ శాస్త్రవేత్త సుదీప్తా సేన్‌గుప్తా, సముద్ర శాస్త్రవేత్త అదితి పంత్ వెళ్ళారు. భారత బృందంతో అంటార్కిటికాకి వెళ్ళిన మొదటి స్త్రీలు వాళ్ళే. అయితే ఆ కేంద్రంలో మొదటి శీతాకాలం గడిపిన బృందంలో స్త్రీలు లేరు. ఆడవాళ్ళకి ఆ ఇంట్లో వేసవి అతిథులుగానే చోటు దొరికింది.

2016 నవంబర్‌లో హైదరాబాద్ ఎన్.ఆర్.ఎస్.సి. నుంచి మంగళా మణి భారతికి వెళ్ళారు. ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాలు ప్రతి చుట్టులోనూ ఆ దక్షిణపు కొస దగ్గరకి వస్తాయి. అవి పంపే సమాచారాన్ని భారతిలోని యాంటెన్నాలు అందుకుని మన షాద్‌నగర్‌కి పంపుతాయి. ఆమె పని ఆ గ్రౌండ్ స్టేషన్‌లోనే. 23 మంది బృందంలో ఆమె ఒక్కతే స్త్రీ. 403 రోజులు ఉన్నారు. పత్రికలు ఎక్కువగా రాసింది ఆమె 56 ఏళ్ళ వయసు గురించి, చలి గురించి, 'ఒకే ఒక్క మహిళ' అన్న మాట గురించి. ఆ పొగడ్తలో ఒక మోసం ఉంది. ఒక్కరే ఎందుకున్నారన్న ప్రశ్నని అది ఆమె ధైర్యం కింద కప్పేస్తుంది. మిగతా 22 మంది ఇళ్ళని ఆ 403 రోజులూ ఎవరు నడిపారన్నది ఏ వార్తకీ అక్కరలేదు.

లెగ్విన్‌కి ఈ సంగతి తెలుసు. రావాలని ఉండి కూడా ఇల్లు వదల్లేక ఆగిపోయిన స్త్రీలని ఆమె కథలో మర్చిపోలేదు. అయినా ముగింపుతో నాకు పేచీ ఉంది. గుర్తు వదలకపోవడాన్ని ఆమె గెలుపుగా చూపింది. జెండాల పోటీని ఎగతాళి చేయడానికి అది పదునైన ఆయుధమే. కానీ గుర్తు వదలకపోవడం మనం ఎంచుకున్నది కాదు, మన నెత్తిన పడ్డది. చేసింది చెప్పుకోకపోవడమే ఆడదానికి అందమని మనకి ఇప్పటికే చాలా నేర్పారు. ఆ పాఠం ఎంత సొగసుగా చెప్పినా పాఠం పాఠమే.

చెప్పకపోతే ఏమవుతుందో కూడా చూశాం. అమెరికా అంటార్కిటికా కేంద్రాల మీద 2022లో నేషనల్ సైన్స్ ఫౌండేషన్ విడుదల చేసిన నివేదికలో, సర్వేకి జవాబిచ్చిన స్త్రీలలో 59 శాతం మంది అక్కడ వేధింపులో దాడో ఎదుర్కొన్నామన్నారు. శీతాకాలంలో బయటికి దారి లేని ఇల్లు అది. తలుపులు మూసుకున్న ఇంట్లో ఏం జరుగుతుందో మనకి మంచు దాకా వెళ్ళకుండానే తెలుసు.

అందుకే సుదీప్తా సేన్‌గుప్తా తన యాత్ర గురించి 'అంటార్కిటికా' అని బెంగాలీలో పుస్తకం రాయడం నాకు ధ్రువం చేరడమంత పెద్ద పనిగా కనిపిస్తుంది. నివేదిక పెట్టె అడుగున ఉండకూడదు. వెళ్ళిన ఆడవాళ్ళూ రాయాలి, వెళ్ళినవాళ్ళ ఇళ్ళు మోసిన ఆడవాళ్ళూ రాయాలి. మగవాళ్ళు కూడా ఆ వంటింటి వంతుల గురించి రాయాలి. మైనస్ డిగ్రీల చలిలో అంట్లు తోమగలిగిన చేతులకి బొల్లారంలో ఎందుకు నొప్పి వస్తుందో అప్పుడైనా మాట్లాడుకోవచ్చు.