చౌడు మిద్దె పనితనం

ఇంటి కప్పు బాగా కుదిరిందో లేదో గృహప్రవేశం నాడు ఎవరూ చెప్పలేరు. ఆ మాట చెప్పాల్సింది వాన. అదీ ఒక్క ఊపున కురిసి వెలిసే వాన కాదు, పట్టిందంటే రోజుల తరబడి వదలని ముసురు. రాయలసీమలో మట్టి మిద్దెలు కట్టినవాళ్లు పడిన చుక్క ఎటు పోవాలో ముందే తేల్చుకుని పనికి దిగేవారు.

కోస్తాలో వానలెక్కువ. అక్కడ తాటాకైనా పెంకైనా ఏటవాలుగా కప్పాల్సిందే. అనంతపురం ప్రాంతంలో ఏడాది మొత్తానికి సగటున పడేది 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. రాయికీ మట్టికీ కొదవలేని ఆ నేలకు చదునైన మిద్దె సరిపోయింది. పైన వేరుశనక్కాయలు ఎండబోసుకోవచ్చు, వేసవి రాత్రులు పడుకోవచ్చు. మట్టి మందంగా ఉండటంతో మధ్యాహ్నపు ఎండ వేడి తొందరగా లోపలికి దిగదు.

మందపాటి గోడల మీద దూలాలు, వాటికి అడ్డంగా దంతెలు, దంతెల మీద కట్టెపేళ్లో నాపబండలో పరుస్తారు. సందులు మూసుకునేలా గడ్డి గానీ ఆకు గానీ వేస్తారు. చెదలు పట్టకుండా వేపాకు వేసేవాళ్లూ ఉన్నారు. ఆపైన బాగా తొక్కి పదును చేసిన మట్టి. అది ఆరి నెర్రెలిస్తే పలచటి బురదతో పూడ్చి, మళ్లీ ఆరనిచ్చి, చివరగా చౌడు పరిచి దిమ్మిసతో కొడతారు.

కిటుకంతా ఈ చౌడులోనే ఉంది. చౌడు మట్టిలో సోడియం ఎక్కువ. తడి తగలగానే దానిలోని బంకమట్టి రేణువులు విడిపోయి సన్నటి రంధ్రాలను పూడ్చేస్తాయి. ఇక నీరు ఇంకదు, పైపైనే జారిపోతుంది. పొలంలో ఈ గుణం పైరుకు చేటు. అందుకే రైతు జిప్సం చల్లి దాన్ని విరిచే ప్రయత్నం చేస్తాడు. పైరుకు చేటయిన మట్టినే ఇంటికి కాపుగా పెట్టుకోవడం మన పల్లెల తెలివి.

అయితే చౌడు పోస్తే పని అయిపోదు. కప్పంతా వాననీళ్లు బయటికి దిగే దోనె వైపు కొద్దిపాటి వాలుతో ఉండాలి. వాలు ఎక్కువైతే నీళ్లు చౌడును కోసుకుపోతాయి, తక్కువైతే మడుగు కడతాయి. వెలుతురు కోసం విడిచిన గవాచి చుట్టూ కట్ట ఎత్తుగా ఉండాలి, వాన రాగానే మూత పడాలి. పిట్టగోడ కప్పును కలిసే మూలలో మట్టిని ఒంపుగా మెత్తాలి. మిద్దె ఉరవడం ఎక్కువగా అలాంటి అతుకుల దగ్గరే మొదలవుతుంది.

బరువు సంగతీ చూసుకోవాలి. 15 సెంటీమీటర్ల మందాన మట్టి పోస్తే చదరపు మీటరుకు దాదాపు పావు టన్ను పడుతుంది, తడిస్తే ఇంకా పెరుగుతుంది. ఏటా పాతదాని మీదే కొత్త చౌడు పోసుకుంటూ పోతే దూలం ఏదో ఒక ముసురులో లొంగిపోతుంది. మట్టి మిద్దె కూలి ప్రాణాలు పోయిన ఇళ్లున్నాయి, ఆ నిజాన్ని దాచకూడదు. తెలిసినవాళ్లు తొలకరికి ముందే మిద్దెనెక్కి, పాత చౌడు గీకి, నెర్రెలు పూడ్చి, దూలాల చివర్లు పుచ్చాయేమో తట్టి చూసేవారు. తర్వాతే కొత్త చౌడు పోసేవారు.

ఇప్పుడు ఊరూరా కాంక్రీటు స్లాబులే. మిద్దెలు మళ్లీ కట్టమని నేను అనను. కానీ ఆ క్రమశిక్షణ స్లాబుకూ అవసరమే. వాలు సరిగ్గా పెట్టాలి. స్లాబు వేశాక కనీసం వారం పది రోజులు తడి ఆరకుండా చూడాలి. పైన నీళ్లు నిలగట్టి ఎక్కడైనా చెమ్మ దిగుతోందేమో పరీక్షించాలి. వాననీళ్ల గొట్టంలో ఆకులు అడ్డుపడకుండా ఏటా శుభ్రం చేయాలి. కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లు మేస్త్రీతో గది కొలతలు మాట్లాడే రోజే, వాననీళ్లు ఏ మూల నుంచి ఎలా దిగుతాయో కూడా తేల్చుకోండి. బిల్లు చెల్లించే ముందు ఒకసారి మిద్దెనెక్కి చూసుకోండి.