బాలసాహిత్యానికి వెలుపలి బాల్యం: విశ్వవిద్యాలయ అధ్యయన పరిధిపై విమర్శ

తెలుగు శాఖల్లో బాల్యంపై జరిగే పరిశోధన ప్రధానంగా బాలసాహిత్యం చుట్టూ తిరుగుతుంది. పిల్లల కోసం పెద్దలు రాసిన గేయాలు, కథలు, పత్రికలు పరిశీలనకు వస్తాయి. పిల్లవాడు పెరిగే ఇల్లు, కులం, పని, బడి తరచుగా నేపథ్య పరిచయంగా ఒకటి రెండు పుటల్లో ముగుస్తాయి.

బాల్యభావనకూ చరిత్ర ఉందని ఫ్రెంచి చరిత్రకారుడు ఫిలిప్ ఆరియెస్ 1960లో ప్రతిపాదించాడు. పూర్వకాలపు తల్లిదండ్రులు పిల్లలపట్ల ఉదాసీనంగా ఉండేవారన్న వాదాన్ని లిండా పొలాక్ 1983లో దినచర్యలు, స్వీయచరిత్రల ఆధారంగా ఖండించారు. ఈ వివాదంలో ఎవరు నెగ్గారన్న దానికన్నా, పెద్దల కోసం రాసిన రచనలు కూడా బాల్యానికి సాక్ష్యమవుతాయన్న పద్ధతే తెలుగు పరిశోధకులకు ఎక్కువ ఉపయోగకరం.

ఆ పద్ధతిలో చదివితే ముళ్ళపూడి వెంకటరమణ 'బుడుగు' కొత్త ప్రశ్నలు లేవనెత్తుతుంది. బామ్మ, బాబాయి, ప్రైవేటు మాస్టర్ల నడుమ తిరిగే ఆ పిల్లవాడికి అల్లరికి కావలసినంత తీరిక ఉంది. సంపాదన పూర్తిగా పెద్దల బాధ్యతైన మధ్యతరగతి ఇల్లు ఇచ్చిన తీరిక అది. హాస్యాన్నీ నుడికారాన్నీ మెచ్చుకునే విమర్శ దీన్ని గమనించదు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు 'పచ్చనాకు సాక్షిగా'లో చిత్తూరు జిల్లా పల్లె బాలుడు సేద్యపు పనుల మధ్య పెరుగుతాడు. దీనిపై వచ్చిన పరిశీలన ఎక్కువగా మాండలికం దగ్గరా, మాతృప్రేమ దగ్గరా ఆగిపోయింది. మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' ముస్లిం కుటుంబంలోని బాల్యాన్ని చిత్రించినా, దాన్ని మైనారిటీ సాహిత్యమన్న విభాగంలో చేర్చడంతోనే పని పూర్తయినట్లు భావించడం కనిపిస్తుంది.

ఈ ఉపేక్షకు మూల్యం ఉంది. పిల్లలను పనికి పంపడాన్ని కేవలం పేదరికంతో వివరించలేమని, పైవర్గాల, అధికారుల విశ్వాసాలే నిర్బంధ విద్యకు అడ్డుపడ్డాయని మైరన్ వీనర్ 1991లో వాదించారు. రంగారెడ్డి జిల్లా గ్రామాల్లో శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ చేసిన కృషికి పునాది, బడి బయట ఉన్న ప్రతి బిడ్డనూ బాలకార్మికుడిగానే లెక్కించాలన్న సూత్రం. 2016 చట్ట సవరణ మాత్రం బడివేళల తర్వాతా, సెలవుల్లోనూ, ప్రమాదకరం కాని కుటుంబ వృత్తుల్లో పిల్లల సాయాన్ని అనుమతించింది. సాయం ఎక్కడ ముగిసి శ్రమ ఎక్కడ మొదలవుతుందో చట్టభాష తేల్చలేదు. బడికీ చేనుకూ మధ్య గడిచే దినచర్యను చూపగలిగే నామిని వంటి రచయితలు ఇక్కడే అవసరమవుతారు.

అయితే ఈ సాక్ష్యాన్ని జాగ్రత్తగా వాడాలి. బాల్యాన్ని గుర్తు చేసుకుని రాసినవారు చదువుకుని బయటపడినవారు. చేలోనే మిగిలిపోయిన తోటివారు రాయలేదు. కష్టాన్ని తీపిగుర్తుగా మార్చే గుణమూ జ్ఞాపకానికి ఉంది. పైగా ఈ మూడు రచనల్లోనూ కథ చెప్పేది మగపిల్లవాడే. చంటివాణ్ణి చంకనేసుకుని ఇంటి దగ్గరుండిపోయిన అక్క అతడి కథలో పాత్రగా రావచ్చుగాని, ఆమె రోజు ఎలా గడిచిందో ఆమె మాటల్లో దొరకదు. దానికి మౌఖిక కథనాల సేకరణ కావాలి. సమాజశాస్త్ర, విద్యాశాస్త్ర శాఖలతో కలిసి తెలుగు శాఖలు చేపట్టవలసిన పని అది.